కాసెట్టులో వినపడని అక్షరం

మ అనే అక్షరానికి గుడి దీర్ఘం పెట్టాలా, ఓత్వం పెట్టాలా అన్న దాని మీద ఒక మనిషి జైలుకు పోవచ్చని నేను టైపు నేర్చుకున్న ఇన్‌స్టిట్యూట్‌లో ఎవరూ చెప్పలేదు. వేళ్ళు కీల మీద ఎలా ఆనించాలో, వీపు ఎంత నిటారుగా ఉంచాలో చెప్పారు. వీపు సంగతి రిటైరయ్యేనాటికి ఎలాగూ చెడిపోయింది. ఈ దీర్ఘం, ఓత్వం సంగతి మాత్రం ఇప్పటికీ తలుచుకుని నవ్వుకుంటూ ఉంటాను.

కోర్టు ఉద్యోగాల్లో కొత్తగా చేరిన పిల్లలు కొందరు నన్ను పిలిచి, మీ అనుభవాలు చెప్పండి మేడమ్ అంటుంటారు. హత్య కేసులు చెబుతానని వాళ్ళ ఆశ. పల్నాడులో పనిచేసి ఒక్క కత్తి కేసైనా చెప్పకపోతే సర్వీసు చేసినట్టు లెక్కలేదు వాళ్ళకి. నాకు బాగా గుర్తున్నది మాత్రం ఒక పాట కేసు. ఏ ఊరి కోర్టో చెప్పను. చెబితే ఆ ఊరి వకీళ్ళలో బతికున్నవాళ్ళు నాకు నోటీసు పంపుతారు.

ఫిర్యాది ఒక మిరపకాయల షావుకారు. కారం పట్టే మిల్లు ఉండేది ఆయనకి. తెల్ల చొక్కా, తెల్ల పంచె, వయసుకు మించిన నల్లటి మీసం. ముద్దాయి మాచవరం వైపు పల్లె నుంచి వచ్చే ఒక కూలి మనిషి. నలభై ఏళ్ళుంటాయేమో. కోతలప్పుడు కోతలు, కోతలు లేనప్పుడు పాటలు. పెళ్ళిళ్ళలో, జాతర్లలో, తిరునాళ్ళకు కట్టే ఎత్తైన ప్రభల మీద ఆమె పాడుతుంటే జనం విరగబడేవాళ్ళు. తర్వాత తర్వాత ఆమె స్టూడియోల్లో పాడింది, శాలువాలు కప్పించుకుంది, మంత్రుల పక్కన నిలబడి ఫొటోలు దిగింది. కానీ ఆమె గొంతు మొదటిసారి టేపు మీదికి ఎక్కింది మాత్రం దొంగచాటుగానే.

అది ఇలా జరిగింది. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళలో ఒక ఊరి ప్రభ ముందు స్టేజీ కట్టి ఆమె చేత పాడించారు. కాసెట్ల కొట్టు నడిపే ఒకాయన ఎవరికీ చెప్పకుండా స్టేజీ కింద దూరి, గోనెపట్టా మీద టేపురికార్డరు పెట్టి, మొత్తం కచేరీని పట్టేశాడు. ఇప్పుడైతే ప్రతివాడూ ఫోనెత్తి పట్టుకుంటాడు, అదొక దొంగతనమని కూడా ఎవరికీ తోచదు. ఆ రోజుల్లో దానికి కొంచెం కష్టపడాలి, మోకాళ్ళు దోక్కుపోవాలి. ఆయన ఆ కాసెట్టుకు కాపీలు తీసి, పైన దేవుడి బొమ్మ అంటించి, భక్తి గీతాలు అని అచ్చు వేయించి అమ్మాడు. బస్సుల్లో, టీ కొట్లలో ఎక్కడ విన్నా అదే. అందులో భక్తి ఎక్కడుందని ఒక్కరూ అడగలేదు.

అందులో ఒక పాట ఇది:

కల్లం మీద మామ చూడే, కారమంత ఎరుపే
తెల్ల చొక్కా మామ చూడే, మీసమంత నలుపే
చినుకు పడితే చిందిపాయె, చెంపదాకా కారెనే
రంగేసిన మీసమంతా రచ్చకెక్కెనే

ఆ చివరి చరణంలోనే ఉంది గొడవంతా. అది మీసమంతా కాదు, మోసమంతా అని షావుకారు ఫిర్యాదు. కారంలో రంగు కలుపుతున్నానని నా మీద పాట కట్టి పరువు తీసింది, శిక్షించండి అని ఆయన కోర్టుకెక్కాడు. పేరు లేకపోయినా కల్లం, తెల్ల చొక్కా, నల్ల మీసం అన్నీ తనవేనని చెప్పుకున్నాడు. సాక్ష్యంగా ఒక కాసెట్టు కొని దాఖలు చేశాడు.

చిక్కేమిటంటే, ఆ కాసెట్టులో సరిగ్గా ఆ అక్షరం దగ్గర తిరునాళ్ళలో ఎవడో బూరలమ్మేవాడు 'పీ' అని ఊదాడు. 'రంగేసిన... పీ... సమంతా' అని వినపడుతుంది. ఆమె ఆ చరణాన్ని రెండోసారి కూడా పాడింది గానీ, అప్పుడు జనం పడీపడీ నవ్వారు. ఆ నవ్వులో అక్షరం కొట్టుకుపోయింది.

మా మేజిస్ట్రేటు గారు శ్రీకాకుళం వైపు మనిషి. చిన్నవయసు, చాలా శ్రద్ధ. మా వాళ్ళు 'ఏంది' అంటే ఇంకా ఉలిక్కిపడే దశలో ఉన్నారు. ఆయన నన్ను పిలిచి, "కాసెట్టులో వినపడిందంతా టైపు చేసి పెట్టండమ్మా. ఒక్క మాట వదలొద్దు, ఒక్క మాట కలపొద్దు," అన్నారు.

అలా నేను రికార్డు గదిలో కూర్చుని, ప్రభుత్వ జీతం మీద జానపద పాటలు వినడం మొదలుపెట్టాను.

కోర్టుకు టేపురికార్డరు లేదు. మా బెంచి క్లర్కు గారు ఇంట్లో పొద్దున్నే దేవుడి పాటలు పెట్టుకునే తన యంత్రం తెచ్చి ఇచ్చారు. నుదుట మూడు వేళ్ళ విభూతి పెట్టుకునే పెద్దమనిషి. "ఇట్టాంటి బూతు పాటలు దాంట్లో ఏయాల్సి వచ్చిందే," అని మొదటిరోజు చెవులు మూసుకున్నారు. రెండో రోజు తలుపు దగ్గర నిలబడ్డారు. మూడో రోజు కుర్చీ లాక్కుని, "వెనక్కి తిప్పమ్మాయ్, ఆ మరదలి పాట ఇంకోసారి విందాం, మాటలు సరిగా పట్టావో లేదో," అన్నారు. మరదలి పాట మాటలు నేను ఎప్పుడో పట్టేశాను. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

ఒక మధ్యాహ్నం నేను టీకి వెళ్ళి వచ్చేసరికి ఆయన యంత్రం మీద వంగి ఉన్నారు, మొహం తెల్లబోయి ఉంది. ఆయనే వెనక్కి తిప్పుకుని విందామనుకున్నారట. ఒక బటన్ నొక్కబోయి రెండు నొక్కారు. అవి రికార్డు బటన్లు. కోర్టులో దాఖలైన సాక్ష్యం మీద, తిరునాళ్ళ మైకులో ఎర్ర గౌను పాప తప్పిపోయిందని చెబుతున్న చోట, ఆయన సొంత గొంతు పడింది: "ఏ బటనమ్మాయ్ నొక్కేది? అమ్మాయ్! ఎక్కడికి పోయిందీ పిల్ల?"

"పాటకేం కాలేదుగా?" అని అడిగాను.

"పాటకేం గాలా. పాప దగ్గరే పడింది. ఇప్పుడేం చేస్తావు?"

"వినపడిందంతా టైపు చెయ్యమన్నారు గదండీ," అన్నాను.

"పెన్షనుకి దగ్గర్లో ఉన్నానే!" అన్నారాయన. కానీ చెయ్యొద్దని మాత్రం అనలేదు. అంతటి మనిషి.

ఈలోగా నా టేబులు దగ్గరికి రాకపోకలు పెరిగాయి. షావుకారు తరపు పెద్ద వకీలు, ఇరవై ఏళ్ళుగా ఆ కోర్టును తన వసారాలా వాడుకుంటున్న మనిషి, ఏదో నకలు కావాలన్నట్టు వచ్చి, "ఓత్వం స్పష్టంగానే వినపడుతోంది గదమ్మా," అని వెళ్ళాడు. ముద్దాయి తరపున ఒక కుర్ర వకీలు. గౌను ఎవరిదో అరువు తెచ్చుకున్నాడు కాబోలు, చేతులు వేళ్ళదాకా వచ్చేవి. అతను వచ్చి, "గుడి దీర్ఘం అని ఎవరికైనా తెలిసిపోతుంది మేడమ్," అని బతిమాలాడు. నేను ఇద్దరికీ తలూపాను. టైపులో మాత్రం ఆ అక్షరం ఉండాల్సిన చోట రెండుసార్లూ చుక్కలు కొట్టి, పక్కన 'బూర' అని ఒకచోట, 'జనం నవ్వు' అని ఇంకొకచోట పెట్టాను.

మేజిస్ట్రేటు గారు చూసి, "చుక్కలేమిటమ్మా?" అన్నారు.

"వినపడలేదు సర్."

"ఎన్నిసార్లు విన్నారు?"

"టేపు అరిగేలా ఉంది సర్, ఇక వినలేను."

వాయిదాకు వచ్చిన ఒక రోజు ఆ పాటల మనిషి వరండాలో కూర్చుని వక్క నములుతూ నన్ను పిలిచింది. "ఏమే అమ్మాయ్, నువ్వంటగా నా పాటని మిషను మీద కొట్టింది? ఏం కొట్టావో చదువు, వింటా."

నకలు వాళ్ళ వకీలుకు కూడా ఇచ్చాం కాబట్టి చదవడంలో తప్పులేదు. కాగితం చూసి కోర్టు గొంతుతో చదివాను. "కల్లం మీద మామ చూడే. కారమంత ఎరుపే. జనం ఈలలు. జనరేటరు చప్పుడు. మరల పాట."

ఆమె వక్క ఉమ్మేసి మరీ నవ్వింది. "ఓసి నీ! పాటని తీసుకొచ్చి పంచనామా చేశారేందే!"

"బూర వల్ల ఒక అక్షరం వినపడలేదు. అదేంటో మీకు తెలుసుగా?" అన్నాను, ఉండబట్టలేక.

"నాకు తెలవకపోతే ఆ బూరోడికి తెలుస్తదా," అని ఊరుకుంది. కుర్ర వకీలు పరుగున వచ్చి, "అత్తా, ఎవరితోనూ ఏమీ మాట్లాడొద్దని చెప్పానా? మీసం. అంతే. అడిగితే మీసం, అడక్కపోయినా మీసం," అన్నాడు. ఆమె అతని వంక జాలిగా చూసింది.

అసలు విచారణ రోజున కోర్టు హాలు సినిమా హాలయింది. పని లేని వకీళ్ళు, వేరే వాయిదాలకు వచ్చిన కక్షిదారులు, టీ కొట్టువాడు, అందరూ గోడలకు ఆనుకుని నిలబడ్డారు.

ముందు కాసెట్ల కొట్టాయన్ని పిలిచారు. అనుమతి తీసుకునే రికార్డు చేశారా అని అడిగితే, "దేవుడి తిరునాళ్ళలో పర్మిషనేందండీ?" అని ఎదురడిగాడు. అంతటితో ఆగకుండా చేతులు జోడించి, "అయ్యా, నా కాసెట్టునే ఎవుడో కాపీ కొట్టి పేటలో అమ్మతన్నాడు. చానా నష్టపోయా. ముందు ఆ దొంగని పట్టుకోండయ్యా," అన్నాడు. మేజిస్ట్రేటు గారు తల దించుకుని ఏదో రాసుకుంటున్నట్టు నటించారు. నేను దగ్గర్లోనే ఉన్నాను, ఆ కాగితం మీద ఏమీ లేదు.

తర్వాత కాసెట్టు పెట్టారు. ఆ పాట, దానికి ముందు కొంచెం చాలన్నారు. జనరేటరు గురగుర, ఈలలు, తప్పిపోయిన పాప. ఉన్నట్టుండి హాలంతా మోగేలా, "ఏ బటనమ్మాయ్ నొక్కేది? అమ్మాయ్! ఎక్కడికి పోయిందీ పిల్ల?"

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత అందరూ ఒకేసారి బెంచి క్లర్కు గారి వైపు చూశారు. ఆయన గోడకున్న గడియారం వైపు చూస్తూ నిలబడ్డారు. హాలు నవ్వులతో పగిలిపోయింది. పెద్ద వకీలు లేచి, సాక్ష్యాన్ని పాడుచేశారని ఇంగ్లీషులో అరిచాడు.

మేజిస్ట్రేటు గారు నా వైపు తిరిగి, "ఇది కూడా టైపు చేశారా?" అన్నారు.

"చేశాను సర్. పాప తర్వాత ఉంది. బెంచి క్లర్కు గారి గొంతు అని పక్కన పెట్టాను."

"పాటకు నష్టం జరిగిందా?"

"లేదు సర్."

ఆయన పెదవి కొరుక్కుంటూ, "కానివ్వండి," అన్నారు. బెంచి క్లర్కు గారికి తర్వాత ఒక మెమో వచ్చింది. దాన్ని ఆయన మడిచి పర్సులో పెట్టుకుని చాలామందికి చూపించుకున్నారు, అది వేరే సంగతి.

పాట అయ్యాక, ఆ గొంతు నీదేనా అని పాటల మనిషిని అడిగారు. ఆమె తల వాల్చి యంత్రం వైపు చూస్తోంది. "అందరూ నాదే అంటన్నారు గదయ్యా. నా గొంతు నేనెప్పుడిన్నా? లోపల్నించి ఇన్నదే గానీ ఎదురుగా కూర్చుని ఎప్పుడూ ఇన్లా. ఇంత బొంగురా నాది?" అంది. వెనకనుంచి ఎవరో, "బొంగురైతేనేమే, బాగుంది," అన్నారు. ఆ అన్నవాణ్ణి బయటికి పంపించేశారు.

అప్పుడు షావుకారును బోనెక్కించి కుర్ర వకీలు అడగటం మొదలుపెట్టాడు. అరువు గౌను చేతులు పైకి మడుచుకున్నాడు.

"మీ మీసానికి రంగు వేస్తారా?"

"ఎయ్యను. దేవుడిచ్చిన నలుపు."

"అలాగైతే పాటలో రంగు కారిన మామ మీరు కాదు."

"నేనే! ఊరంతా నేనే అంటన్నారు!"

"రంగు వెయ్యని మీసాన్ని పట్టుకుని ఊరంతా మీరేనని ఎందుకంటారండీ?"

షావుకారు చెయ్యి తనంతట తనే మీసం మీదికి పోయింది. ఎండాకాలం, ఫ్యాను ఆయన వైపు లేదు. మేజిస్ట్రేటు గారు మర్యాదగానే అడిగారు: "నేనేమని రాసుకోమంటారు? వేస్తారనా, వెయ్యరనా?"

కండువాతో నుదురు తుడుచుకుని, "పండగలకి ఎయ్యించుకుంటానండీ," అన్నాడు. 'పండుగలకు మాత్రమే' అని టైపు చేశాను. నవ్వు ఆపుకోవడం ఎంత కష్టమో వేళ్ళకు కూడా తెలిసింది, ఆ ఒక్క ముక్కలో మూడు తప్పులు కొట్టాను.

కేసు అక్కడితో తేలిపోయినట్టే. అది మీసమే, నవ్వులాటే అని కుర్ర వకీలు వాదిస్తాడు. ఇంత రభసయ్యాక కాదనేవాడెవడు? మిగిలింది ఒక్క తంతు. అందరూ చెప్పాల్సింది చెప్పాక మేజిస్ట్రేటు గారు ముద్దాయిని నేరుగా అడుగుతారు, నువ్వేమంటావని. ప్రమాణం ఉండదు. జవాబు చెప్పకపోయినా తప్పులేదు. ఆయన ఆ మాట విడమరిచి చెప్పి, "ఆ పాటలో ఉన్నది మీసమని మీ తరపువారు అంటున్నారు. మీరు చెప్పేదేమైనా ఉందా?" అని అడిగారు.

కుర్ర వకీలు పెదవులతో 'మీసం, మీసం' అని చూపిస్తున్నాడు.

ఆమె కొంగు నడుముకు దోపుకుంది. "మీసం మీద పాట కడతానా అయ్యా నేను? నాకేం పనిలేకనా?"

గోడలకు ఆనుకున్నవాళ్ళు ముందుకు జరిగారు.

"మొదటిసారి మీసమే అంటా. జనం నవ్వుతారు. ఆ నవ్వు ఆగేలోపు రెండోసారి మోసమంటా. ఇనాల్సినోడికి ఇనపడద్ది, మిగిలినోళ్ళకి నవ్వే ఇనపడద్ది. అట్టా ఏసుకుంటేనే మాలాంటోళ్ళం పాడి ఇంటికి పోయేది."

కుర్ర వకీలు కుర్చీలో కూలబడ్డాడు. పెద్ద వకీలు లేచి నిలబడ్డాడు, ఆనందంతో. "ఒప్పుకుంది, రికార్డు చెయ్యాలి!"

"చేస్తున్నారు, కూర్చోండి," అని మేజిస్ట్రేటు గారు ఆమె వైపు తిరిగారు. "మీరు అన్నదాని అర్థం మీకు తెలుసా? దీనికి శిక్ష పడొచ్చు."

"తెలుసయ్యా. పోయినేడు కోతలయినాక ఆ మిల్లులో పనికి బోయినా. కారం మాకు కొత్తా? చేతులు మండితే మజ్జిగలో పెట్టుకుంటాం, పోద్ది. రంగు పోదు. ఎంత రుద్దినా పోదు. ముసలిముండలం, మా చేతులు వారం దినాలు కొత్త పెళ్ళికూతుళ్ళ చేతుల్లా ఉన్నాయి. అన్నం కలుపుకుంటే అన్నం ఎర్రగయ్యింది. నా మనవరాలు నా చేతి ముద్ద తినలా, భయపడి. అప్పుడు కట్టా పాట. ఆయన మీసం ఆయనిష్టం, దాంతో నాకేంది?"

నా వేళ్ళు కీల మీదే ఉన్నాయి గానీ కదల్లేదు. పక్కన బెంచి క్లర్కు గారు మెల్లగా, "కొట్టమ్మాయ్," అన్నారు. కొట్టాను. ఈసారి చుక్కలు లేవు, ఓత్వమే. నా సర్వీసులో నేను అంత గట్టిగా కొట్టిన అక్షరం ఇంకోటి లేదు.

మేజిస్ట్రేటు గారు కాసేపు కాగితాలు సర్దుకుని, పెద్ద వకీలుతో చాలా మెత్తగా అన్నారు: "ఆవిడ అన్నారని తేలింది. ఇక నిజమా అబద్ధమా అన్నదే ప్రశ్న. మీ క్లయింటు అబద్ధమంటున్నారు. మిల్లులో సరుకు తీయించి పరీక్షకు పంపితే ఒక్కసారిగా తేలిపోతుంది. మీకేమైనా అభ్యంతరమా?"

పెద్ద వకీలు క్లయింటు మొహం వైపు చూశాడు. ఆ కోర్టులో ఆయన మాట వెతుక్కోవడం అదే మొదటిసారి. "వాయిదా కోరుతున్నాను," అన్నాడు చివరికి.

ఆ వాయిదా నాటికి రాజీ. ఫిర్యాదు వెనక్కి తీసుకున్నారు. పాటల మనిషి వేలిముద్ర వేసి, ఆ వేలు నా టేబులు గుడ్డకే తుడిచి, "వస్తానే అమ్మాయ్. మిషను బాగా కొడతావు గానీ, నీకు తాళం లేదు," అని వెళ్ళిపోయింది. షావుకారు మిల్లులో రంగు మానేశాడో లేదో నాకు తెలియదు. ఊళ్ళో చాలామంది ఆ కారం కొనడం మాత్రం మానేశారు. మా బెంచి క్లర్కు గారు కొన్నారు, ధర తగ్గించాడని. పైగా కూర రంగు చాలా బాగుందన్నారు.

కేసు ముగిశాక దాఖలైన వస్తువును దాఖలు చేసినవాళ్ళకే తిరిగి ఇవ్వాలి. అంటే ఆ కాసెట్టు షావుకారుదే. కబురు పంపించినా ఎన్నాళ్ళో రాలేదు. ఒకరోజు భోజనాల వేళ, ఆఫీసు ఖాళీగా ఉన్నప్పుడు చూసుకుని, ఒక్కడే వచ్చాడు. మీసం గీయించేశాడు. దాంతో మనిషి చిన్నవాడైనట్టు, ఎవరింటి పెద్దాయనో అయినట్టు కనిపించాడు. నేను మొదట గుర్తుపట్టలేదు.

సంతకం పెట్టి కాసెట్టు చేతిలోకి తీసుకుని, దేవుడి బొమ్మ వైపు చూస్తూ నిలబడ్డాడు. పోలేదు.

"ఏమండీ?" అన్నాను.

"ఇందులో ఏముందమ్మా?" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. "మీరే గదండీ దాఖలు చేసింది."

"మా బామ్మర్ది ఇని చెప్పాడు, నిన్ను తిట్టారని. కోపంలో కేసేశా. కోర్టులో ఆ ముక్కే పెట్టారు, అదన్నా ఈ నవ్వుల్లో ఇనపడలా. మొత్తం నేనెప్పుడూ ఇన్లా. మా ఇంట్లో పెట్టానంటే పరువుండదు." కాసెట్టును అటూ ఇటూ తిప్పి, "మీకాడ మిషనుందిగా," అన్నాడు.

నేను బెంచి క్లర్కు గారి వైపు చూశాను. ఆయన యంత్రం తీసి టేబులు మీద పెట్టారు. ఈసారి బటన్ నేనే నొక్కాను.

మొదట ఒక కోత పాట వచ్చింది, తర్వాత మరదలి పాట. మరదలి పాటకు షావుకారు మోకాలి మీద వేళ్ళతో తాళం వేయడం మొదలుపెట్టాడు, అది తనకు తెలియనట్టే. పాప తప్పిపోయింది, బెంచి క్లర్కు గారు బటన్ అడిగారు, తర్వాత షావుకారు మీది పాటే వచ్చింది. చినుకు పడి రంగు చెంపదాకా కారిన చోట ఆయన ముక్కుతో ఒక చప్పుడు చేశాడు. దగ్గాడేమో అనుకున్నాను. చూస్తే నవ్వు. ఆపుకోబోయి ఆపుకోలేక, కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు. రెండోసారి ఆ చరణం వచ్చేసరికి మాత్రం నవ్వలేదు. తల వంచుకుని విన్నాడు. బూర లేదు, జనం నవ్వులో అక్షరం లేదు, అయినా ఆయనకు వినపడినట్టే ఉంది.

టేపు ఆ చివరిదాకా తిరిగి టక్కున ఆగింది. వరండాలో భోజనాలు ముగించిన వకీళ్ళ మాటలు దగ్గరవుతున్నాయి. ఆయన లేవాల్సిన సమయమే.

నా వైపు చూడకుండా అడిగాడు: "రెండో వైపు కూడా ఉందామ్మా?"

బెంచి క్లర్కు గారు వెళ్ళి తలుపు గడియ పెట్టి వచ్చారు. నేను కాసెట్టు తిప్పి పెట్టాను.